విజయవాడ, గుంటూరుల్లో పేటస్థాయి వైర్‌లెస్ ఇంటర్నెట్ సర్వీసు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైబర్, 5జీ వచ్చేశాక వైర్‌లెస్ కనెక్షన్ ఎవరు తీసుకుంటారు?

ఒక ఎత్తైన డాబాకు ఫైబర్ తెచ్చి, దాని మీది రేడియోల నుంచి చుట్టుపక్కల ఇళ్ళకు తీగ లేకుండా నెట్ పంపడమే ఈ సర్వీసు. దీన్ని పటమట మెయిన్ రోడ్డులోనో, బ్రాడీపేటలోనో పెడితే ఎవరూ తీసుకోరు. ఫైబర్ గుమ్మం దాకా వచ్చిన చోట దానితో ధరలో గాని, స్పీడులో గాని పోటీ పడలేం. గిరాకీ ఉండేది ఫైబర్ ఆగిపోయిన చోట. పోరంకి, పెనమలూరు దాటాక రోడ్లు ఇంకా పడని వెంచర్లు, కాలువ అవతల పది పదిహేను ఇళ్ళు, గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఇటుక బట్టీల పక్క ఆఫీసులు, జేసీబీ తవ్వినప్పుడల్లా కేబుల్ తెగే వీధులు ఇలాంటివి.

సామాను కొనకముందే ఆ పేటలో 200 గుమ్మాలు తిరగండి. "నెట్ కావాలా?" అంటే అందరూ కావాలనే అంటారు. "బిగించాక నెల డబ్బులు ముందే ఇస్తారా?" అని అడిగి పేరు, ఫోను రాసుకోండి. 40 మంది గట్టిగా ఒప్పుకోకపోతే ఆ పేట వదిలేయండి.

మా ఇంటి ఫైబర్ కనెక్షన్‌నే డిష్ పెట్టి పక్కిళ్ళకు పంచి డబ్బులు తీసుకోవచ్చా?

కూడదు. ఇంటి ప్లాన్ ఒప్పందం దాన్ని ఒప్పుకోదు. అంతకన్నా పెద్ద సమస్య చట్టం. అనుమతి లేకుండా టెలికాం సేవ అందిస్తే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా పక్కింటి కుర్రాడు మీ ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) మీద ఏం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

మరి చట్టబద్ధంగా మొదలుపెట్టే దారులేంటి?

మూడు ఉన్నాయి.

ఎక్కువమందికి సరిపోయేది లైసెన్సున్న ఇంటర్నెట్ కంపెనీకి, అంటే ఐఎస్‌పీకి ఫ్రాంచైజీగా చేరడం. బ్యాండ్‌విడ్త్, ఐపీ అడ్రసులు, బిల్లింగు, లాగులు (ఎవరు ఏ ఐపీ ఎప్పుడు వాడారన్న రికార్డులు) వాళ్ళవి. డాబాలు, రేడియోలు, కస్టమర్లు, వసూళ్ళు మీవి. ఒప్పందంలో నాలుగు విషయాలు రాతలో ఉండాలి: ఆదాయంలో ఎవరి వాటా ఎంత, రాత్రి పూట మీకు కచ్చితంగా వచ్చే బ్యాండ్‌విడ్త్ ఎంత, రేడియోలు ఎవరి ఆస్తి, మీరు వేరే ఐఎస్‌పీకి మారితే కస్టమర్ల సంగతేంటి. నాలుగోది రాయించుకోనివాళ్ళే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.

రెండోది పీఎం-వాణి. కేంద్ర కేబినెట్ 2020 డిసెంబరులో ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం ఇది. టిఫిన్ హోటలు, కిరాణా కొట్టు, హాస్టలు పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై అమ్ముకోవచ్చు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఫీజు ఏవీ లేవు. రిజిస్టరైన ఒక అగ్రిగేటర్‌తో చేరితే లాగిన్లు, లెక్కలు వాళ్ళు చూసుకుంటారు. 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను ఈ ఆఫీసులకు రెట్టింపు ధరకు మించకుండా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో ఆదేశించింది. కానూరు కాలేజీల దగ్గర హాస్టళ్ళకు ఇది బాగా నప్పుతుంది. ఇంటింటికీ నెలవారీ కనెక్షన్లు ఇద్దామనుకునేవారికి చాలదు.

మూడోది సొంత ఐఎస్‌పీ లైసెన్సు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, కేంద్ర టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. యూనిఫైడ్ లైసెన్సు పద్ధతిలో అన్నిటికన్నా చిన్నది సి కేటగిరీ. దాని పరిధి ఒక టెలికాం సెకండరీ స్విచింగ్ ఏరియా (సుమారు ఒక పాత జిల్లా అంత) మాత్రమే. విజయవాడ, గుంటూరు వేర్వేరు ఏరియాలు కాబట్టి రెండు ఊళ్ళకూ ఒకే సి లైసెన్సు చెల్లదు. కొత్త చట్టం కింద నిబంధనలు మారుతున్నందున దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో ఉన్నదే ప్రమాణం. రెండు మూడు వందల కనెక్షన్లు రాకముందు ఈ దారి పట్టొద్దని మా సలహా.

రేడియో తరంగాలకు వేరే లైసెన్సు కావాలా?

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, 2018 నోటిఫికేషన్ తర్వాత 5150–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ బ్యాండ్లకు స్పెక్ట్రం లైసెన్సు అక్కర్లేదు. అంటే హద్దు లేదని కాదు. 5.8 గిగాహెర్ట్జ్‌లో, అంటే 5725–5875 బ్యాండులో, యాంటెన్నా నుంచి బయటికొచ్చే మొత్తం బలం 36 డీబీఎం, అంటే 4 వాట్లు దాటకుండా చూసుకోండి.

లెక్క తేలిక. రేడియో పవర్‌కు యాంటెన్నా గెయిన్ (సిగ్నలును ఒక వైపుకు కూడగట్టి యాంటెన్నా పెంచే బలం, డీబీఐల్లో) కలపాలి. 23 డీబీఐ డిష్ అయితే రేడియోను 13 డీబీఎం దగ్గర పెట్టాలి. 16 డీబీఐ సెక్టార్ (ఒక వైపున్న ఇళ్ళన్నిటికీ విసనకర్రలా సిగ్నలు పంచే యాంటెన్నా) అయితే 20 దగ్గర. సెట్టింగుల్లో దేశం ఇండియా అని ఎంచుకుని, గెయిన్ సరిగ్గా నింపితే చాలా రేడియోలు ఈ లెక్క అవే చేసుకుంటాయి. పవర్ పెంచితే దూరం పెరుగుతుందని దేశం మార్చి పెట్టేవాళ్ళున్నారు. దానివల్ల పేటంతా రొద పెరిగి ముందు వాళ్ళ కనెక్షన్లే చెడతాయి. అదీగాక చట్టవిరుద్ధం. కొనేటప్పుడు ఆ మోడల్‌కు మన దేశపు ఈటీఏ (వైర్‌లెస్ పరికరానికి ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) ఉందో లేదో బిల్లు రాయించకముందే అడగండి.

ఏ డాబా ఎంచుకోవాలి?

ఈ వ్యాపారంలో సగం ఇక్కడే తేలిపోతుంది. చూడాల్సింది డాబా ఎత్తు ఒక్కటే కాదు, దాని మీద నుంచి ఎన్ని వాటర్ ట్యాంకులు కనబడుతున్నాయన్నది. కనబడే ప్రతి ట్యాంకూ సిగ్నలు చేరగల ఒక ఇల్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం గోడను, చెట్టును దాటి పోదు. కంటికి కనబడినంత మాత్రాన కూడా సరిపోదు. రెండు యాంటెన్నాల మధ్య గీతకు చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే ఖాళీ ఉండాలి. 5.8లో ఒక కిలోమీటరు లింకుకు నడిమధ్యలో దాని వ్యాసార్థం 3.6 మీటర్లు, మూడు కిలోమీటర్లకు 6.2 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలంటే కిలోమీటరుకు 2.2 మీటర్లు, మూడు కిలోమీటర్లకు 3.7 మీటర్లు అడ్డు లేకుండా చూడాలి. కొబ్బరి చెట్టు మట్ట గీతకు మీటరు కింద ఊగుతున్నా సిగ్నలు ఊగుతుంది.

విజయవాడలో కొండలు లెక్క మార్చేస్తాయి. ఇంద్రకీలాద్రికి ఇటు వన్‌టౌన్, అటు విద్యాధరపురం, భవానీపురం. ఈ పక్క డాబా నుంచి ఆ పక్కకు సూటి లింకు రాదు, మధ్యలో ఇంకో డాబా మీదుగా తిప్పాలి. మొగల్రాజపురం, గుణదల కొండల దగ్గరా అంతే. గుంటూరు నేల చదును. అక్కడ అడ్డు వచ్చేవి అపార్ట్‌మెంట్లే. నేడు ఖాళీగా ఉన్న స్థలంలో ఏడాదికి ఐదంతస్తులు లేవొచ్చు. అందుకే మెయిన్ లింకు గీత కింద ఖాళీ స్థలాలుంటే అక్కడ ఏం కట్టబోతున్నారో కనుక్కోండి.

కృష్ణానది మీదుగా కృష్ణలంక నుంచి తాడేపల్లికి లింకు వేస్తే సిగ్నలు ఎక్కీ దిగీ చేస్తోంది. డిష్ పాడైందా?

డిష్ బాగానే ఉంటుంది. నీటి మీద పడి తిరిగొచ్చిన తరంగం సూటిగా వచ్చినదానితో కలిసి ఒకసారి బలం ఇస్తుంది, ఒకసారి కొట్టేస్తుంది. రెండు పక్కలా 20 మీటర్ల ఎత్తు, 1.5 కిలోమీటర్ల దూరం అనుకుంటే రెండు దారుల తేడా సుమారు 53 సెంటీమీటర్లు. 5.8లో తరంగదైర్ఘ్యం 5.2 సెంటీమీటర్లు. ఒక పక్క డిష్‌ను ఒక్క మీటరు పైకో కిందికో జరిపితే ఆ తేడా సగం తరంగదైర్ఘ్యం మారుతుంది. అంటే కొట్టేసే చోటి నుంచి బలం ఇచ్చే చోటికి వస్తుంది. పెద్ద డిష్ కొనడం కన్నా ఈ మీటరు జరపడమే ముందు చేయాల్సిన పని.

ఇంకా మంచి ఉపాయం, డిష్‌ను డాబా అంచున కాక వెనక్కి జరిపి, పిట్టగోడ నది నీటిని మరుగుపరిచేలా, ఎదుటి డిష్ మాత్రం కనబడేలా పెట్టడం. వరదకు నీటిమట్టం పెరిగితే అద్దంలాంటి ఆ ఉపరితలమే పైకి జరుగుతుంది కాబట్టి ఎత్తు ఒకసారి సరిచూసి వదిలేయొద్దు, వరద రోజుల్లో మళ్ళీ చూడండి.

మొదటి డాబాకు ఏమేం కొనాలి?

75 కనెక్షన్ల లెక్కన:

- 120 డిగ్రీల 5 గిగాహెర్ట్జ్ సెక్టార్లు 3, వాటి రేడియోలతో. మైక్రోటిక్, యుబిక్విటీ, కేంబియం వంటివాటిలో ఏదో ఒకటే తీసుకోండి. ఒక కంపెనీ టీడీఎంఏ పద్ధతి (ఇళ్ళ రేడియోలకు వంతులవారీగా సమయం పంచడం) ఇంకోదానితో కలవదు.
- ఇళ్ళకు సీపీఈలు (కస్టమరు ఇంటి మీద బిగించే రేడియో యాంటెన్నాలు) 75, అదనంగా 5. 500 మీటర్ల లోపు 16 డీబీఐ చాలు, దాటితే 23 డీబీఐ.
- ఫైబర్ వేరే డాబాకు వస్తుంటే మధ్య లింకుకు 23 డీబీఐ డిష్‌లు 2.
- పీపీపీఓఈ (ఒక్కో కస్టమరుకు విడి లాగిన్‌తో నెట్ ఇచ్చే పద్ధతి) చేయగల రౌటరు 1, మేనేజబుల్ పీఓఈ (నెట్ కేబుల్‌లోనే రేడియోకు కరెంటు పంపే) స్విచ్ 1.
- బయట వాడే నల్లటి షీల్డెడ్ క్యాట్6 కేబుల్ 305 మీటర్ల పెట్టెలు 6. ఇంటికి 20–25 మీటర్లు పడుతుంది.
- షీల్డెడ్ ఆర్‌జే45 పిన్నులు 200. క్రింపింగ్‌లో కొన్ని పోతాయి.
- 3 మీటర్ల జీఐ పైపులు, క్లాంపులు, స్టే వైర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు, ఎర్త్ పిట్ సామాను.
- 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 1, ఇన్వర్టరు 1.

పీఓఈ అడాప్టర్ల దగ్గర జాగ్రత్త. కొన్ని రేడియోలు 24 వోల్టుల పాసివ్, కొన్ని 48 వోల్టులు. 24 రేడియోకు 48 పాసివ్ అడాప్టరు తగిలిస్తే ఆ క్షణమే పోతుంది, వారంటీ కూడా రాదు. అడాప్టర్లకు రెండు రంగుల టేపు చుట్టి పెట్టుకోండి.

ఒక సెక్టారు మీద ఎంతమందిని ఎక్కించవచ్చు?

డబ్బా మీద 100 కంటే ఎక్కువ అని ఉంటుంది. పట్టించుకోవద్దు. 20 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద 2×2 (రెండు దారుల్లో ఒకేసారి పంపే) 802.11ఏసీ వైఫై రకం రేడియో గాల్లో వేగం 173 ఎంబీపీఎస్. చేతికొచ్చేది, అప్‌లోడు డౌన్‌లోడు రెండూ కలిపి, 80 నుంచి 100. రాత్రి 8 నుంచి 11 దాకా ప్రతి ఇంట్లో ఒక టీవీ, రెండు ఫోన్లు నడుస్తాయి. ఆ వేళ కనెక్షన్‌కు సగటున 3 ఎంబీపీఎస్ లెక్క వేసుకుంటే 25 ఇళ్ళకు 75. అక్కడ ఆగాలి. మూడు సెక్టార్లకు 75 ఇళ్ళు, పైనుంచి తెచ్చుకునే బ్యాండ్‌విడ్త్ 250–300 ఎంబీపీఎస్.

ఇరవయ్యారో కస్టమరు డబ్బులు పట్టుకుని వచ్చినప్పుడు కాదనడం కష్టమే. అయినా కాదనండి, లేదా ఇంకో సెక్టారు పెట్టండి. ముందున్న పాతికమంది మీ మీద నమ్మకంతో ముందే డబ్బు కట్టినవాళ్ళు. ఒకరి కోసం వాళ్ళందరి రాత్రి పాడుచేయడం న్యాయం కాదు.

సిగ్నలు ఎంత ఉంటే కనెక్షన్ ఇవ్వొచ్చు?

సీపీఈలో -50 నుంచి -60 డీబీఎం మధ్య ఉంటే బాగుంటుంది. -65 కన్నా బలహీనమైతే, అంటే -70 వైపు పోతే, బిగించొద్దు. నష్టం ఆ ఇంటితో ఆగదు. సిగ్నలు తక్కువైన రేడియో నెమ్మదిగా మాట్లాడుతుంది, అదే డేటాకు నాలుగైదు రెట్లు ఎక్కువ సమయం గాలిని పట్టి ఉంచుతుంది. సెక్టారు మొత్తం అందరూ పంచుకునే సమయం కాబట్టి ఒక్క బలహీనమైన ఇల్లు మిగతా ఇరవై నాలుగిళ్ళ స్పీడు తినేస్తుంది.

సెక్టార్‌ను కిందికి వంచకుండా నిటారుగా వదిలేయడం ఇంకో పొరపాటు. డాబా 18 మీటర్లు, ఆఖరి ఇల్లు 500 మీటర్లయితే 2 నుంచి 3 డిగ్రీలు కిందికి వంచాలి.

ఛానల్ ఎలా ఎంచుకోవాలి?

స్కాన్ రాత్రి 9 గంటలకు చేయండి. పగలు 11కి ఖాళీగా కనబడిన ఛానల్ రాత్రికి నిండిపోతుంది. 5470–5725లో రాడార్‌కు దారి ఇవ్వాలి కాబట్టి రేడియో ముందు 60 సెకన్లు విని గాని మొదలుపెట్టదు, రాడార్ వినబడితే ఆ ఛానల్‌ను అరగంట వదిలేస్తుంది. ఇళ్ళకిచ్చే సెక్టార్లను 5.8లో, మధ్య లింకును వేరే బ్యాండులో పెట్టుకుంటే ఒకదానికొకటి అడ్డు రావు. 2.4ను ఇంటి లోపలి వైఫైకి వదిలేయండి.

కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది?

సెక్టార్లు 24 వాట్లు, డిష్ 8, స్విచ్ 10, రౌటరు 15, మొత్తం 60 అనుకోండి. ఎనిమిది గంటలకు 480 వాట్-అవర్లు. 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 ఉంటాయి. సగానికి మించి దించకుండా, ఇన్వర్టరు నష్టం తీసేసినా 700 దాకా వస్తాయి. ఎనిమిది గంటలు దాటే నడుస్తుంది. ఇన్వర్టరు ఊరికే ఉన్నా కొన్ని వాట్లు తింటుంది కాబట్టి డీసీ యూపీఎస్ దొరికితే ఇంకా మేలు.

స్విచ్, రౌటరు ఇనుప పెట్టెలో పెట్టి డాబా మీద ఎండకు వదలొద్దు. మే నెల 45 డిగ్రీల ఎండలో పెట్టె లోపల ఇంకా ఎక్కువ కాగుతుంది, మధ్యాహ్నం రెండింటికి రౌటరు దానంతటదే రీస్టార్టవుతుంటే కారణం అదే. మెట్లగదిలో, కిందా పైనా గాలి కంతలున్న పెట్టెలో పెట్టండి.

వాన పడినప్పుడల్లా నెట్ పోతోంది. వానకు సిగ్నలు తగ్గుతుందా?

5 గిగాహెర్ట్జ్‌లో, రెండు మూడు కిలోమీటర్ల లోపు, వాన వల్ల తగ్గేది లెక్కలోకి రాదు. వానకు పోతోందంటే మూడింటిలో ఒకటి. పిన్నులోకి నీళ్ళు దిగుతున్నాయి, దారిలో తడిసిన చెట్టు ఉంది, లేదా అవతలి డాబాలో కరెంటు పోయింది. మొదటిదే ఎక్కువ. కేబుల్ రేడియోలోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటిబొట్టు ఆ వంపు దగ్గర రాలిపోవాలి. లోపల వాడే బూడిదరంగు కేబుల్ ఎండకు ఏడాది రెండేళ్ళలో పగిలి, ఆ పగుళ్ళలోంచి నీరు కేబుల్ గుండా పీఓఈ దాకా దిగుతుంది.

"వాట్సాప్ వస్తోంది, బ్యాంకు సైటు రావట్లేదు" అంటున్నారు. ఎందుకు?

పీపీపీఓఈ వల్ల ప్యాకెట్ సైజు 1500 బైట్ల నుంచి 1492కు తగ్గుతుంది, అంతకన్నా పెద్ద ప్యాకెట్లు పంపే సైట్లు దారిలోనే ఆగిపోతాయి. రౌటర్‌లో ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి అయిన టీసీపీ ఎంఎస్ఎస్‌ను 1452కు కట్టేస్తే సరిపోతుంది.

ఉన్నట్టుండి పేటలో సగం మందికి నెట్ పోయి, రౌటర్లు రీస్టార్ట్ చేసినా రావట్లేదు?

ఎవరో కస్టమరు మీ కేబుల్‌ను తన వైఫై రౌటరు వ్యాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టుకు బదులు ల్యాన్ (ఇంటి పరికరాలు కలిపే) పోర్టుకు పెట్టి ఉండొచ్చు. ఆ రౌటరు మిగతా ఇళ్ళకు తప్పుడు ఐపీ అడ్రసులు పంచుతుంది. సెక్టారులో క్లయింట్ ఐసొలేషన్, స్విచ్‌లో పోర్ట్ ఐసొలేషన్ మొదటి రోజే పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. సీపీఈనే బ్రిడ్జిగా కాక రౌటర్‌గా పెట్టి పీపీపీఓఈ దానిలోనే ఇస్తే ఇంకా భద్రం.

"స్లో" అన్న ప్రతి ఫోనుకూ మనిషిని పంపాలా?

ముందు కూర్చున్న చోటి నుంచే సీపీఈ సిగ్నలు, పింగ్ చూడండి. అవి బాగుంటే తప్పు ఇంటి లోపలి వైఫైది. రౌటరు టీవీ వెనకో, బీరువా మీదో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్ళలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో సీపీఈకి కలిపి, కస్టమరు కళ్ళముందే స్పీడు చూపించండి. నెట్ వస్తోంది, గది దాటట్లేదు అని ఆయనకే తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్ళు రేడియేషన్ అని భయపడుతున్నారు.

భయాన్ని తోసిపారేయకుండా కూర్చుని చెప్పండి. సెక్టారు నుంచి వెళ్ళేది నిబంధన ప్రకారం 4 వాట్లకు మించదు, అదీ డాబా మీద నుంచి బయటికి చూస్తూ ఉంటుంది. సెల్ టవరుతో దీన్ని కలిపి చూడొద్దని వివరించి, రేడియో సెట్టింగు స్క్రీనే చూపించండి. అధ్యక్షుడి నోటిమాటతో బిగించొద్దు. కొత్త కమిటీ రాగానే తీసేయమంటారు. తీర్మానం, మూడేళ్ళ అద్దె ఒప్పందం, కరెంటుకు సబ్‌మీటరు, రాత్రి వేళ డాబా తాళం ఎవరి దగ్గర దొరుకుతుందన్నది కాగితం మీద ఉండాలి.

డబ్బులు మిగులుతాయా?

నెలకు 500 ప్లాన్ అయితే 18 శాతం జీఎస్టీతో కస్టమరు కట్టేది 590. ఆ 90 మీది కాదు. 75 కనెక్షన్లకు 37,500. ఐఎస్‌పీతో సగం సగం అనుకుంటే మీకు 18,750. అందులోంచి డాబా అద్దె, కరెంటు, పెట్రోలు, కుర్రాడి జీతం, పోయిన అడాప్టర్లు. ఒక్క డాబాతో ఇల్లు గడవదు. మూడు నాలుగు డాబాలకు విస్తరించి 250–300 దగ్గరకు చేరేదాకా చేతిలో ఉన్న పని మానొద్దు. అప్పు చేసి నాలుగు డాబాలూ ఒకేసారి పెట్టొద్దు. మొదటి డాబాలో చేసిన తప్పులే నాలుగు చోట్లా చేసి కూర్చుంటారు.

కస్టమర్ల వివరాలు, లాగులు ఎన్నాళ్ళు ఉంచాలి?

గుర్తింపు పత్రం తీసుకోకుండా కనెక్షన్ ఇవ్వొద్దు. ఎవరికి ఏ ఐపీ, ఏ పోర్టు నంబరు, ఏ సమయంలో ఇచ్చారన్న రికార్డు ఐఎస్‌పీ లైసెన్సు షరతుల ప్రకారం కనీసం రెండేళ్ళు ఉండాలి. ఒకే పబ్లిక్ ఐపీ వెనక పదిమందిని పెట్టినప్పుడు పోర్టు నంబరు లేని లాగు ఎందుకూ పనికిరాదు. ఫ్రాంచైజీ అయితే ఈ పని ఐఎస్‌పీది, అయినా రౌటరు గడియారం ఎన్‌టీపీతో (నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) సరిగ్గా ఉంచడం మీ పని. ఐదు నిమిషాలు తప్పు చూపే గడియారం తప్పు ఇంటిని చూపిస్తుంది.

తుఫాను, వరద వస్తుందంటే ఏం చేయాలి?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళ కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అందుకని బ్యాటరీ, ఇన్వర్టరు సెల్లార్‌లోగాని కింది అంతస్తులోగాని పెట్టొద్దు, మొదటి అంతస్తు పైనే. హెచ్చరిక రాగానే స్టే వైర్లు మూడూ బిగించండి, క్లాంపు నట్లు సరిచూడండి, రౌటరు, రేడియోల బ్యాకప్ ఫైళ్ళు ఫోనులోకి దించుకోండి, బ్యాటరీ నిండా ఛార్జి చేయండి. ఈదురుగాలిలో, ఉరుముల్లో ఎవరినీ డాబా ఎక్కించొద్దు. పేటంతా ఫోన్లు చేసినా సరే.

పైపు బిగించే రోజే ఒక కొలత చూసుకోండి: పైపు ఏ వైపు పడినా 11 కేవీ తీగలకు తగలకూడదు. తగిలేలా ఉంటే ఆ మూల వదిలి డాబాకు అవతలి మూల పెట్టండి, నాలుగిళ్ళు పోయినా పర్లేదు.

ఒకవేళ మూసేయాల్సి వస్తే?

నెల ముందే అందరికీ మెసేజీ పెట్టండి. వాడని రోజుల డబ్బు, సీపీఈ డిపాజిట్ రసీదు చూసి తిరిగి ఇచ్చేయండి. కేబుళ్ళు, పైపులు దించి, డాబా మీద కొట్టిన రంధ్రాలు వాటర్‌ప్రూఫింగ్ సిమెంటుతో పూడ్చి, అసోసియేషన్ దగ్గర అందినట్టు సంతకం తీసుకోండి. లాగులు, గుర్తింపు పత్రాలు ఐఎస్‌పీకి అప్పగించి రాతలో రసీదు తీసుకోండి.